"మనుషులంటే ఎవరు తాతయ్యా?": 1939 నాటి ఒక క్రిస్మస్ కార్టూన్ మీద తెగని వాదం

డిసెంబరు వచ్చిందంటే పాత క్రిస్మస్ కార్టూన్లను మళ్లీ బయటికి తీసి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడడం అమెరికాలో చాలా ఇళ్లలో ఆనవాయితీ. వాటిలో ఎక్కువ వాటి గురించి పెద్దగా అభిప్రాయభేదాలు రావు. బాగుందంటారు, బొమ్మలు ముద్దుగా ఉన్నాయంటారు, అంతటితో మాట ముగుస్తుంది. 1939 డిసెంబరులో హాలీవుడ్ సినిమా సంస్థ ఎంజీఎం విడుదల చేసిన 'పీస్ ఆన్ ఎర్త్' విషయంలో మాత్రం అలా జరగదు. సుమారు తొమ్మిది నిమిషాల ఈ రంగుల చిత్రాన్ని చూసి ఒకరు కళ్లు తుడుచుకుంటారు, ఒకరు దీన్ని పిల్లలకు చూపించడమే తప్పంటారు, మరొకరు ఇది బొమ్మ కాదు, ఉపదేశం అంటారు, ఇంకొకరు హిట్లర్ సేనలు పోలండ్‌ను ఆక్రమించిన కొద్ది నెలలకే ఇలాంటి శాంతిపాఠం చెప్పడం అమాయకత్వమని కోప్పడతారు. పైకి ఇవన్నీ ఒకే ప్రశ్నకు వచ్చిన నాలుగు జవాబుల్లా కనిపిస్తాయి గాని, నిజానికి ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. వాటిని విడదీసి చూడనందువల్లే ఈ వాదం ఎనభై ఏళ్లు దాటినా ఎక్కడ మొదలైందో అక్కడే నిలిచి ఉంది.

తొమ్మిది నిమిషాల్లో ఏం జరుగుతుంది?

క్రిస్మస్ ముందు రాత్రి. మంచు పరుచుకున్న ఒక చిన్న ఊళ్లో జంతువులు పండుగ పాటలు పాడుకుంటూ ఉంటాయి. ఒక ఉడుత తాత తానూ ఆ పాటనే పాడుకుంటూ ఇంటికి చేరుకుంటాడు. భూమి మీద శాంతి, మనుషుల పట్ల సద్భావం అన్నది ఆ పాటలోని మాట. మనవలిద్దరూ అది విని, మనుషులంటే ఎవరు తాతయ్యా అని అడుగుతారు. ఇప్పుడు లోకంలో మనుషులు లేరంటాడు తాత. కథంతా ఆ ఒక్క ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబే.

ఆ జవాబులో మనుషులు ఎప్పుడూ ఏదో ఒక కారణం వెతుక్కుని కొట్టుకునే జాతిగా కనిపిస్తారు. చదును పాదాలవాళ్లకూ ఎత్తుపళ్లవాళ్లకూ యుద్ధం జరుగుతుంది. తర్వాత శాకాహారులకూ మాంసాహారులకూ జరుగుతుంది. తుపాకులు, ఫిరంగులు, కందకాలు, బురద వరుసగా తెర మీదికి వస్తాయి. చివరికి భూమి మీద ఇద్దరే సైనికులు మిగులుతారు. ఒకడు రెండోవాడిని కాలుస్తాడు. గాయపడినవాడు కూలిపోతూనే తిరిగి కాల్చి మొదటివాడిని చంపుతాడు, తరవాత తాను నీళ్లు నిండిన గోతిలోకి మెల్లగా జారిపోతాడు. నీటి పైన పట్టు కోసం తడుముకునే చేయి కొంతసేపు కనిపించి, అదీ మునిగిపోతుంది. మానవజాతి కథ అక్కడితో సరి.

ఆ నిశ్శబ్దంలో అడవి జంతువులు బయటికి వస్తాయి. కూలిన చర్చిలో వాటికి ఒక పెద్ద పుస్తకం దొరుకుతుంది. దాని పేరు చిత్రంలో చెప్పరు గాని, చదివే వాక్యాలను బట్టి అది బైబిలని ఎవరికైనా తెలుస్తుంది. గుడ్లగూబ అందులోంచి చంపకూడదన్న ఆజ్ఞను చదివి, నియమాలు బాగానే ఉన్నాయి గాని ఈ మనుషులు వీటిని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు అన్న అర్థం వచ్చే మాట అంటుంది. పాడైన చోట్లను మళ్లీ కట్టాలని ఆ పుస్తకంలోనే చదివి, జంతువులు యుద్ధభూమిలో మిగిలిన సైనికుల ఇనుప టోపీలతో ఇళ్లు కట్టుకుంటాయి. మొదట మనం ముచ్చటపడి చూసిన ఊరు అదే.

దర్శకుడు హ్యూ హార్మన్. సహచరుడు రుడాల్ఫ్ ఐజింగ్‌తో కలిసి 1930లో వార్నర్ బ్రదర్స్ సంస్థ కోసం 'లూనీ ట్యూన్స్' బొమ్మలకు శ్రీకారం చుట్టినవాడు ఆయనే. ఉడుత తాతకు గొంతు ఇచ్చిన మెల్ బ్లాంక్ ఆ తర్వాత కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీ గొంతుగా ప్రపంచమంతా పరిచయమయ్యాడు. సంగీతం సమకూర్చిన స్కాట్ బ్రాడ్లీ బాణీలను మన పిల్లలు 'టామ్ అండ్ జెర్రీ'లో ఏళ్ల తరబడి విన్నారు. ఆ పిల్లీ ఎలుకల జంట తొలిసారి తెరకెక్కింది కూడా ఇదే సంస్థలో, ఈ చిత్రం వచ్చిన రెండు నెలలకు, 1940 ఫిబ్రవరిలోనే.

'సెంటిమెంట్' అన్న మాటే మొదటి చిక్కు

ఈ చిత్రాన్ని ఇంగ్లీషులో విమర్శించేవారు తరచు వాడే మాట 'సెంటిమెంటల్'. అక్కడ ఆ మాటలో నింద ఉంది. కథలో సహజంగా పుట్టని కన్నీటిని పైనుంచి తెచ్చి కురిపించారని, ప్రేక్షకుడిని ఆలోచించనివ్వకుండా కరిగించారని దాని భావం. తెలుగులో అదే మాటకు వేరే బతుకు ఉంది. మన సినిమాల్లో అమ్మ సెంటిమెంట్ ఉంది, చెల్లెలి సెంటిమెంట్ ఉంది. సెంటిమెంట్ బాగా పండిందని అంటే అది మెచ్చుకోలు. కాబట్టి ఇంగ్లీషు విమర్శ చదివిన తెలుగు ప్రేక్షకుడికి, సెంటిమెంట్ ఉంటే తప్పేమిటన్న సందేహం కలగడం న్యాయమే.

అసలు తేల్చవలసింది ఈ చిత్రంలో మెత్తదనం ఉందా లేదా అని కాదు. ఉంది, బోలెడంత ఉంది. గుండ్రటి బుగ్గల ఉడుత పిల్లలు, పొయ్యి వెచ్చదనం, కిటికీ బయట మంచు, తాత ఒడి, ఇవన్నీ 1930లలో అమెరికన్ బొమ్మల చిత్రాలు డిస్నీని చూసి అలవరచుకున్న ముద్దుదనమే. ఆ మెత్తదనం కథలో ఏ పని చేస్తోందన్నది చూడాలి. చేదు మందుకు పూసిన తేనె అని కొందరి అభిప్రాయం. అలా అనుకుంటే యుద్ధ భాగమే అసలు చిత్రం, ఉడుతలు అలంకారం. ఇంకొందరికి ఉడుతలే చిత్రం, యుద్ధం మధ్యలో వచ్చి పండుగ పాడుచేసిన చొరబాటు.

చిత్రాన్ని రెండోసారి చూసినప్పుడు ఈ రెండు అభిప్రాయాలూ నిలవవని నాకు అనిపించింది. మొదటిసారి చూసినప్పుడు ఆ గుండ్రటి కప్పుల ఇళ్లు కేవలం ముద్దుగా ఉంటాయి. ఆ కప్పులు ఎవరి తలల మీద ఉండేవో తెలిశాక అదే దృశ్యాన్ని అదే కళ్లతో చూడడం సాధ్యం కాదు. ఊళ్లో ఒక్కొక్క ఇల్లూ ఒక్కొక్క చనిపోయిన మనిషి ఆనవాలు. అంటే మెత్తదనం భీతిని కప్పిపెట్టడం లేదు, ఆ భీతి తర్వాత మిగిలినది ఏమిటో చూపుతోంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చిత్రం రెండు ముక్కలుగా విడిపోదు.

ఇది పిల్లల బొమ్మేనా?

పిల్లలకు చూపకూడదన్న అభ్యంతరం వెనుక ఒక ఊహ ఉంది. కార్టూన్ అంటే పిల్లల కోసం తీసినదని. ఆ ఊహ టెలివిజన్ వచ్చాక బలపడింది. 1939లో అమెరికాలో ఇలాంటి పొట్టి చిత్రాలు సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు పడేవి. హాల్లో పిల్లలు, పెద్దలు, ముసలివారు అందరూ ఉండేవారు, అదే ఆటలో వార్తాచిత్రమూ వేసేవారు. ఆ డిసెంబరులో వార్తాచిత్రమంటే ఐరోపా యుద్ధమే. తెర మీద నిజమైన సైనికులను చూసిన కాసేపటికే అదే తెర మీద ఈ ఉడుతలను చూసిన ప్రేక్షకుడికీ, పండుగ సెలవుల్లో సోఫాలో కూర్చుని టీవీలో చూసిన ఆరేళ్ల పిల్లవాడికీ దక్కిన అనుభవాలు ఒకటి కావు. చిన్నప్పుడు చూసి ఏళ్ల తరబడి మరిచిపోలేకపోయామని చెప్పే ప్రేక్షకులు ఎక్కువగా ఈ రెండో కోవకు చెందినవారు. వారి మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

భయం కలగడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. ఇందులో జంతువులను ఒక పద్ధతిలో గీశారు, మనుషులను మరో పద్ధతిలో గీశారు. సైనికుల కదలికలకు వాడింది రోటోస్కోపింగ్. నిజమైన మనుషులను ముందుగా సినిమా తీసి, ఆ ఫిల్ము మీది ఒక్కొక్క బొమ్మనూ ఆధారంగా చేసుకుని దాని మీదుగా గీయడాన్ని అలా అంటారు. మ్యాక్స్ ఫ్లైషర్ కనిపెట్టిన ఈ పరికరానికి 1917లో పేటెంటు దక్కింది. ఇలా గీసిన మనిషి నడకలో బరువు ఉంటుంది. భుజం వంగినప్పుడు, మోకాలు మడిచినప్పుడు అది బొమ్మ అనిపించదు. ఉడుత పడితే బంతిలా ఎగిరి లేస్తుందని ఊహించుకోగలం, ఆ సైనికుడు పడితే లేవడని చూస్తూనే తెలుస్తుంది. కార్టూన్లలో దెబ్బలు తగిలినా ఎవరూ చావరన్న భరోసా పిల్లలకు ఉంటుంది. ఈ చిత్రం ఆ భరోసాను తీసేస్తుంది, పిల్లలకు దడ పుట్టించేది అదే.

ఇక్కడ ఇరువైపులా న్యాయం ఉంది. చిన్నపిల్లలకు ఇది భారమన్నవారు తమ పిల్లలను ఎరిగి మాట్లాడుతున్నారు. పిల్లలు చూడదగినదే అనేవారు మరో సంగతి గుర్తుచేస్తారు. చిత్రంలో ప్రశ్న అడిగింది పిల్లలే, తాత ఆ ప్రశ్నను దాటవేయలేదు. కటువైన సంగతులను జంతువుల నోట పిల్లలకు చెప్పడం మనకూ కొత్త కాదు. పంచతంత్రంలో నక్కలూ సింహాలూ కుట్రలు పన్నుతాయి, స్నేహితుడి చేత స్నేహితుడిని చంపిస్తాయి. అయితే ఒక తేడా ఉంది. అక్కడ మనుషుల గుణాలను మనుషులకు చెప్పడానికే జంతువులు మాట్లాడతాయి. ఇక్కడ వినడానికి మనుషులు లేరు కాబట్టి జంతువులు తమలో తాము చెప్పుకుంటున్నాయి. పంచతంత్రం విన్న రాజకుమారులు బాగుపడ్డారు. ఈ కథ వినవలసినవారు మాత్రం కథలోనే అంతరించిపోయారు.

ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూస్తే

మనుషులు ఎలా ఉండేవారో తాత వర్ణించే ఘట్టం చూద్దాం. వాళ్లు వెనక కాళ్ల మీద నడిచేవారు, తల మీద పెద్ద ఇనుప కుండలు పెట్టుకునేవారు, వాళ్లకు భయంకరమైన కళ్లు ఉండేవి, పొడుగాటి తొండం ఒకటి వచ్చి పొట్టకు అతుక్కుని ఉండేది అంటాడు. అదే క్షణంలో తెర మీద గ్యాస్ మాస్కు తగిలించుకున్న సైనికుడు కనిపిస్తాడు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సేనలు క్లోరిన్ వాయువును వదిలాక, మాస్కు సైనికుడి ఒంటి మీద విడదీయరాని భాగమైంది. ఉడుత తాత ఎప్పుడూ మాస్కు లేని మనిషి ముఖం చూడలేదేమో, అందుకే మాస్కునే ముఖమనుకున్నాడు.

పిల్లవాడు ఈ ఘట్టాన్ని భూతం కథగా చూస్తాడు. ఇనుప తల, తొండం, గుండ్రటి గాజు కళ్లు అతనికి రాక్షసుడి గుర్తులు. అదే ఘట్టంలో పెద్దవారికి మొదట నవ్వు వస్తుంది, ఎందుకంటే తాత పొరబడుతున్నాడని వారికి తెలుసు. వెంటనే ఆ నవ్వు ఆగిపోతుంది, ఎందుకంటే తాత పొరబడలేదని కూడా తెలుస్తుంది. యుద్ధంలో మనిషి ముఖం నిజంగానే అదైపోయింది. ఉపదేశం ఎక్కువైందనే విమర్శకుడు కూడా ఈ ఘట్టాన్ని మెచ్చుకోక తప్పదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఏ నీతీ చెప్పడం లేదు, ఒక జంతువు తనకు కనిపించినదాన్ని చెబుతోంది, అంతే. అతని విమర్శ వర్తించేది గుడ్లగూబ పుస్తకం చదివే ఘట్టానికి. అక్కడ చిత్రం చూపించడం మాని చెప్పడం మొదలుపెడుతుంది. ఆ పట్టు సడలిన మాట నిజమని నేనూ ఒప్పుకుంటాను. గ్యాస్ మాస్కు ఘట్టానికి ఉన్న బలం గుడ్లగూబ ఘట్టానికి లేదు.

శాకాహారులకూ మాంసాహారులకూ యుద్ధమన్న మాట దగ్గర మాత్రం తెలుగు ప్రేక్షకుడి స్పందన అమెరికన్ ప్రేక్షకుడి స్పందనలా ఉండకపోవచ్చు. హార్మన్ బృందం దాన్ని ఎంచుకున్నది, తిండి కోసం ఎవరైనా ఒకరినొకరు చంపుకుంటారా అని హాలంతా నవ్వాలని. యుద్ధాలకు చెప్పే కారణాలన్నీ ఇంతే అర్థరహితమని అందులోని వ్యంగ్యం. తిండిని బట్టి ఇల్లు అద్దెకు ఇవ్వడమూ ఇవ్వకపోవడమూ చూసినవారికి, తిండి పేరుతో మనుషుల ప్రాణాలు పోయిన వార్తలు చదివినవారికి అది అంత దూరపు కల్పనగా తోచదు. నవ్వించడానికి పెట్టిన మాట ఇక్కడికి వచ్చేసరికి గుచ్చుకుంటుంది.

1939 డిసెంబరులో శాంతి మాట

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇదే. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఈ చిత్రం విడుదలైంది. చదును పాదాలవాళ్లు, ఎత్తుపళ్లవాళ్లు అంటూ ఇరుపక్షాలనూ ఒకే గాటన కట్టడం, దండెత్తినవాడినీ దాడికి గురైనవాడినీ ఒకే తక్కెడలో తూచడం కాదా అని అడుగుతారు. తర్వాత జరిగిన మారణకాండ తెలిసిన మనకు ఈ ప్రశ్న మరీ బరువుగా వినిపిస్తుంది. అందరూ ఆయుధాలు దించితే సరిపోతుందన్న పాఠం, ఎదుటివాడు దించడానికి సిద్ధంగా లేనప్పుడు ఎవరిని కాపాడుతుంది?

చిత్రం పక్షాన చెప్పవలసినదీ ఉంది. ఒక్కొక్క బొమ్మా చేత్తో గీసిన ఇలాంటి చిత్రం తయారు కావడానికి నెలల తరబడి పడుతుంది. కాబట్టి దీని పని యుద్ధం మొదలవడానికి ముందే ప్రారంభమై ఉండాలి. తెర మీద కనిపించే యుద్ధం కూడా రెండోది కాదు, మొదటిది. ఆ కందకాలు, ఆ బురద, ఆ మాస్కులు 1914 నుంచి 1918 వరకు నడిచిన యుద్ధానివి. ఆ యుద్ధంలో దాదాపు 90 లక్షల మంది సైనికులు చనిపోయారు. ఎందుకు చనిపోయారన్న ప్రశ్నకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా సరైన జవాబు దొరకని ఒక తరం ఈ చిత్రాన్ని తీసింది. అప్పటికి అమెరికా యుద్ధంలో లేదు. యుద్ధంలోకి దిగకూడదన్న భావన ఆ దేశంలో బలంగా ఉండేది.

ఆ మనఃస్థితి ఎంత త్వరగా మారిపోయిందో చూడాలంటే అదే సంస్థ నుంచి 1942లో వచ్చిన 'బ్లిట్జ్ వుల్ఫ్' చూస్తే చాలు. టెక్స్ ఏవరీ తీసిన ఆ చిత్రంలో మూడు పందిపిల్లల కథే ఉంటుంది గాని, తోడేలు హిట్లర్ రూపంలో వస్తుంది, పందిపిల్లలు ఫిరంగులు ఎక్కుపెడతాయి. మూడేళ్లు కూడా తిరగకుండానే ఒకే సంస్థ గోడల మధ్య జంతువులు ఇనుప టోపీల్లో కాపురాలు పెట్టడం నుంచి ఇనుప టోపీలు నెత్తిన పెట్టుకోవడం దాకా వచ్చాయి. రెండు చిత్రాలూ ఆయా కాలాల్లో నిజాయితీగా తీసినవే. 'పీస్ ఆన్ ఎర్త్'ను 1939లో ఏం చేయాలో చెప్పే సలహాగా చూస్తే అది తప్పు సలహా అని చరిత్ర తేల్చింది. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో చెప్పే సాక్ష్యంగా చూస్తే ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చడానికి చరిత్రలో ఆధారం దొరకదు. వాదించుకునేవారు చాలాసార్లు ఒకరు సలహా గురించి, ఇంకొకరు సాక్ష్యం గురించి మాట్లాడుతుంటారు.

నోబెల్ బహుమతి మాటలో నిజమెంత?

ఈ చిత్రాన్ని మెచ్చుకునేవారు తరచు చెప్పే మాట ఒకటి ఉంది. దీన్ని నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారని. అది నిలిచే మాట కాదు. శాంతి బహుమతి వ్యక్తులకో సంస్థలకో ఇస్తారు, సినిమాలకు ఇవ్వరు. ప్రతిపాదనల వివరాలను యాభై ఏళ్లపాటు రహస్యంగా ఉంచుతారు, ఆ గడువు ఎప్పుడో తీరింది, బయటపెట్టిన జాబితాల్లో ఈ చిత్రం లేదు. పైగా 1939 నుంచి 1943 వరకు శాంతి బహుమతి ఎవరికీ ఇవ్వనే లేదు. నిజంగా దక్కిన గౌరవం ఆస్కార్ ప్రతిపాదన. 1939 సంవత్సరానికి కార్టూన్ విభాగంలో పోటీపడి, డిస్నీ వారి 'అగ్లీ డక్లింగ్' చేతిలో ఓడింది. 1994లో యానిమేషన్ రంగంలోని వారి ఓట్లతో కూర్చిన యాభై ఉత్తమ కార్టూన్ల జాబితాలో దీనికి 40వ స్థానం వచ్చింది. ఉన్న గౌరవం తక్కువేమీ కాదు, లేనిది తగిలించవలసిన అవసరం లేదు.

1955లో మళ్లీ చెప్పిన కథ

పదహారేళ్ల తర్వాత, 1955 డిసెంబరులో, ఎంజీఎం ఇదే కథను 'గుడ్ విల్ టు మెన్' పేరుతో మళ్లీ తీసింది. దర్శకులు విలియం హానా, జోసెఫ్ బార్బెరా. కూలిన చర్చిలో పాటలు సాధన చేసే ఎలుక పిల్లలు అడిగితే, ముసలి ఎలుక కథ చెబుతుంది. సినిమాస్కోపు తెర, మరింత నునుపైన రంగులు, కొత్త ఆయుధాలు. ఇదీ ఆస్కార్‌కు పోటీపడి, 'స్పీడీ గొంజాలెస్' చేతిలో ఓడింది.

రెండింటిలో ఏది మేలన్నది ప్రేక్షకుల మధ్య ఇంకో వాదం. కొత్తదాన్ని మెచ్చేవారు, అణుబాంబు వచ్చాక మానవజాతి అంతరించడం కల్పన కాదు, జరగగల విషయం కాబట్టి 1955 చిత్రానికే వాస్తవికత ఎక్కువంటారు. ఆ మాటలో బలం ఉంది. 1939లో మనుషులందరూ తుపాకులతో ఒకరినొకరు చంపుకుని ఆఖరివాడి దాకా అంతరించడం ఉపమానం, హిరోషిమా తర్వాత అది లెక్క. అయినా పాత చిత్రం వైపు నా మొగ్గు, దానికి కారణం ఆఖరి ఇద్దరు సైనికులే. 1955లో మనుషుల్ని బాంబు చంపుతుంది. ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడరు, ఒక వెలుగు వస్తుంది, అందరూ పోతారు. 1939లో ఇద్దరు మిగిలారు. వారిలో ఒకడు ఆ ఒక్కసారి కాల్చకుండా ఉంటే కథ మారిపోయేది. ఆ అవకాశం చివరి క్షణం దాకా ఉందని చూపించి, అది చేజారడం మన కళ్లకు కట్టడంలోనే పాత చిత్రం బాధ ఉంది. బాంబు పడే కథలో ఆ క్షణానికి చోటు లేదు.

తెలుగు చెవికి ఈ పాట ఎలా వినిపిస్తుంది?

చిత్రంలోని పాటను ఇంగ్లీషు చర్చిల్లో అందరికీ తెలిసిన ఒక క్రిస్మస్ కీర్తన బాణీకి కట్టారు. ఇంగ్లీషు కీర్తనకారుడు చార్లెస్ వెస్లీ ఆ కీర్తన మొదటి రూపాన్ని 1739లో ప్రకటించాడు. ఇప్పుడు పాడే బాణీ తర్వాతి శతాబ్దంలో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ సంగీతం నుంచి తీసుకున్నది. అంటే కీర్తనకు సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన సంవత్సరంలో చిత్రం వచ్చింది. తెలుగు క్రైస్తవులకు ఇది 'దూత పాట పాడుడీ' అన్న కీర్తనగా చిన్ననాటి నుంచి పరిచయం. క్రిస్మస్ ఆరాధనలో ఆ బాణీకి గొంతు కలిపినవారు ఈ చిత్రం చూస్తే, ఇంగ్లీషు రాకపోయినా అది ఏ పాటో మొదటి వరుసకే గుర్తుపడతారు.

అయితే ఉడుత పిల్లలు ప్రశ్నించిన మాట తెలుగు బైబిల్లో ఇంకోలా ఉంది. లూకా సువార్త రెండో అధ్యాయం పద్నాలుగో వచనాన్ని 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ 'భూమి మీద శాంతి, మనుషుల పట్ల సద్భావం' అన్న అర్థంలో చెబుతుంది. తెలుగు బైబిల్లో అదే చోట 'ఆయన కిష్టులైన మనుష్యులకు భూమిమీద సమాధానమును' అని ఉంటుంది. ఈ తేడా అనువాదకుల ఇష్టాయిష్టాల వల్ల వచ్చినది కాదు. ప్రాచీన గ్రీకు రాతప్రతుల్లో ఒక మాట చివర 'స్' అన్న ఒక్క అక్షరం కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు. లేని పాఠాన్ని బట్టి సద్భావం మనుషులందరికీ చెందుతుంది. ఉన్న పాఠాన్ని బట్టి శాంతి దేవునికి ఇష్టులైనవారికి చెందుతుంది. చిత్రం మొదటి పాఠం మీద నడుస్తుంది. సద్భావం అందరికీ ప్రకటించారు, అందుకునే చేతులే లేకుండా పోయాయి. రెండో పాఠంతో పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి కథ ఇంకా కఠినంగా తగులుతుంది. ఇష్టులైనవారు ఒక్కరైనా ఆ కందకాల్లో ఉన్నారా అన్న ప్రశ్న అతనికి అదనంగా ఎదురవుతుంది.

గుడ్లగూబ చదివే ఆజ్ఞ విషయంలోనూ ఇంతే. పాత ఇంగ్లీషులో ఆ ఆజ్ఞ చంపకూడదన్నంత విశాలంగా ఉంది. దాని వెనుక ఉన్న హీబ్రూ మాటకు అన్యాయంగా ప్రాణం తీయడమన్న అర్థమే దగ్గరని, యుద్ధాన్ని అది నిషేధించదని వాదించే క్రైస్తవులు చాలామంది ఉన్నారు. ఆ ఆజ్ఞను యుద్ధానికి కూడా వర్తింపజేసి చిత్రం పొరబడిందని వారి అభిప్రాయం. చంపకూడదంటే చంపకూడదనే అర్థమని నమ్మే శాంతివాద క్రైస్తవ సంప్రదాయమూ అంతే పాతది. తెలుగు బైబిల్లో ఆ ఆజ్ఞ 'నరహత్య చేయకూడదు' అని ఉంటుంది. మన ఊళ్లలో అపశకునమని భయపడే గుడ్లగూబ, నరులెవరూ మిగలని లోకంలో, కూలిన గోడల మధ్య నిలబడి, నరహత్య చేయకూడదన్న వాక్యాన్ని తోటి జంతువులకు చదివి వినిపిస్తుంది. వింటున్నవాటిలో ఆ ఆజ్ఞను మీరగలిగినవారు ఎవరూ లేరు. అవి మాత్రం శ్రద్ధగా వింటాయి, విని ఇనుప టోపీలు ఏరుకోవడానికి బయలుదేరతాయి.